నాట్యమాడు పక్షులు - వానిని ఛాయాచిత్రము తీయు విధము

విద్యార్థులారా! ప్రకృతి ఏటేట మన కన్నులయెదుట నడపు నాటకములలో పక్షుల వలపునాట్యము మిక్కిలి మనోహరమైనది. ఋతువు వచ్చినతోడనే మగపక్షి క్రొత్త యీకలు ధరించును. ఒక చోటు నెన్నుకొనును. అక్కడ ఆడుపక్షి చూచునట్లు ఆడును, కూయును, ఎగురును, దుముకును. చూచువారి కిది వేడుక. పక్షికి మాత్రము ఇది వేడుక కాదు, బ్రదుకు. ఆ కొలది వారములలో ఆడుపక్షి మెప్పును బడసిన మగపక్షికే సంతానము కలుగును. బడయనిదానికి ఆ యేడు వ్యర్థమగును.

ఇట్టి నాట్యమును కెమేరాతో పట్టవలెనను కోరిక నేడు పెక్కుమందికి కలుగుచున్నది. కోరిక మంచిదే. కాని మనుష్యుని రాకచే పక్షి బెదరి ఆట మానినచో రెండు నష్టములు కలుగును. పక్షికి ఋతువు చెడును. చిత్రకారునికి చిత్రము చెడును. బెదరిన పక్షి చిత్రము నాట్యమును చూపదు, భయమునే చూపును. కావున ఈ విద్యలో మర్యాదయు నేర్పును వేఱు వేఱు కావు. దీనినే యీ పాఠమున వివరించెదము.

1. చలిదేశపు గ్రౌజ్ పక్షులు

ఐరోపా, ఉత్తర అమెరికా ఖండముల అడవులలోను బయళ్లలోను గ్రౌజ్ అను పక్షులు కలవు. ఇవి మన నెమలికిని, అడవికోడికిని, కౌజుపిట్టకును చుట్టములు. నేలపై తిరుగుచు, నేలపైననే గ్రుడ్లు పెట్టును. వానిలో నల్లగ్రౌజ్ అనునది బ్రిటనునుండి సైబీరియా వఱకు వ్యాపించియున్నది. వసంతకాలమున తెల్లవాఱకముందే దాని పుంజులు ఏటేట ఒకే మైదానమున గుమిగూడును. అవి తోకలు విప్పి, మెడలు వంచి, గుడగుడమని కూయుచు ఒకదాని నొకటి బెదరించుకొనును. పెట్టలు వచ్చి, చూచి, తమకు నచ్చినదాని నెన్నుకొనును. ఈ కూటమికి లెక్ అని పేరు. స్వీడను భాషలో ఆ మాటకు ఆట యని యర్థము. పుంజులు పెక్కు ఆడినను, పెట్టలు మెచ్చునవి కొన్ని మాత్రమే.

ఈ జాతిలో నెల్ల పెద్దది కేపర్‌కేలీ. స్కాట్లండునందలి పైన్ చెట్ల అడవులలో ఇది నివసించును. 18వ శతాబ్దాంతమునకు బ్రిటనులో ఈ పక్షి నశించిపోగా, 1837లో స్వీడనునుండి తెచ్చి మఱల వదలిరి. 2021-22 చలికాలమున తీసిన లెక్కలో అచ్చట సుమారు 530 పక్షులే యున్నవని తేలెను. నాట్యమాడుచున్న కేపర్‌కేలీని కలతపెట్టుట ఆ దేశమున చట్టరీత్యా నేరము. వేటగాని తుపాకి కొకనాడు వెఱచిన పక్షికి నేడు ఛాయాచిత్రకారుని అడుగుల చప్పుడును భయకారణ మైనది.

నల్లగ్రౌజులను చిత్రించువారి నియమ మొకటి మనము నేర్చుకొనదగినది. వారు చీకటియుండగనే మాటులో ప్రవేశింతురు. పుంజులన్నియు ఆట ముగించి వెడలిపోవువఱకు బయటికి రారు. మంచు కురిసినను, కాళ్లు తిమ్మిరెక్కినను కదలరు. నడుమ లేచిపోయిన యొకనివలన ఆ యుదయపు కూటమి యంతయు చెదరిపోవును.

2. మాటు పుట్టిన కథ

పక్షికి కనబడక దగ్గఱనుండి చిత్రము తీయు పద్ధతిని జనులకు తెలియజేసినవారిలో ముఖ్యులు ఇంగ్లండులోని యార్కుషైరు రైతుబిడ్డలైన రిచర్డు కేర్టను, చెఱ్ఱీ కేర్టను అను సోదరులు. వారు 1892లో ఒక పక్షిగూటిని గ్రుడ్లతో కూడ చిత్రము తీసిరి. 1895లో ఛాయాచిత్రములతో పక్షిగూళ్లనుగూర్చి ఒక గ్రంథమును వెలువరించిరి. నాటి కెమేరాలు బరువైనవి. లెన్సులు దూరమును పట్టజాలనివి. కావున పక్షికి మిక్కిలి చేరువకు పోక తప్పదు. దానికై వారు ఎద్దుచర్మమును బోలుగా కుట్టించి, నిలువబెట్టి, దాని కడుపులో నిలుచుండి చిత్రములు తీసిరి! పశువును చూచి పక్షి బెదరదు, మనుష్యుని చూచి బెదరును అను సత్యమే వారి యుపాయమునకు మూలము. నేడు కెమేరాలు మాఱినవి. పక్షి స్వభావము మాఱలేదు.

3. మన నేలనెమలి

మన తెలుగుదేశమున గ్రౌజులు లేవు. కాని నేలపై తిరుగుచు, ఋతువున నాట్యమాడు పక్షులలో గ్రౌజులకు దీటైనది మనకును ఒకటి కలదు. అదియే నేలనెమలి. ఇది బట్టమేకపక్షి కుటుంబములోనిది. కోడికంటె పెద్దది కాదు. వానకాలమున పోతుపక్షి నల్లని దేహముతోను, తెల్లని కంఠముతోను, తలవెనుక ఇరువైపుల వంపు తిరిగిన సన్నని యీకలతోను శోభిల్లును. అది నిలువెత్తు పచ్చికలో దాగియుండి, ఉన్నట్టుండి కప్పకూతవంటి ధ్వనితో నిటారుగా పైకెగసి, ఱెక్కలు తటతట కొట్టి, మఱల పచ్చికలో పడును. ఎత్తు మనుష్యుని తలపాటి, కాలము రెప్పపాటు. ఒక దినమున ఇట్లు సుమారు 500 సార్లు ఎగురునని పరిశోధకులు లెక్కించిరి. పచ్చిక యెత్తుగా నుండుటచే ఎగిరిననేగాని ఆడుపక్షికి కనబడదు. కావుననే యీ శ్రమ.

ఆ యెగురుటయే దానికి చేటైనది. పూర్వము వేటగాండ్రు సరిగా ఈ ఋతువుననే పచ్చికబయలికి పోయి, ఎగిరినదాని నెగిరినట్లు కొట్టెడివారు. తరువాత పచ్చికబయళ్లు దున్నబడి పొలములైనవి. బట్టమేకకును నేలనెమలికిని ఆశ్రయముగా కర్నూలు ప్రాంతమందలి రోళ్లపాడును 1988లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము ఆఱు చదరపు కిలోమీటర్లకు కొంచె మెక్కువ. 2022నుండి అది నంద్యాల జిల్లాలో చేరినది. నేలనెమలిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి పట్టికలో చేర్చి కాపాడుచున్నది. అయినను సంఖ్య తగ్గుచునే వచ్చెను. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని నశించుటకు మిక్కిలి చేరువగా నున్న జాతులలో చేర్చెను.

ఇంత అరుదైన పక్షి నాట్యమును చిత్రము తీయుటకు అభ్యాసకులు పోదగునా? తగదు. ప్రభుత్వానుమతి గల పరిశోధకుల కది విడిచి, మనము అభ్యాసము చేయుటకు అరుదుగాని పక్షిని వెదకుకొనవలెను. దేవుని దయవలన అట్టిది మన దివిసీమ కాలువగట్లమీదనే యున్నది.

4. దివిసీమ గిజిగాడు

గిజిగాడు నెఱుగనివారు మనలో లేరు. గుఱ్ఱం జాషువా కవి దానిపై పద్యములు వ్రాసెను. బాలురు వాచకములలో చదివిరి. కాని గూటిని చూచినవారు పెక్కుమంది. ఆ గూటిక్రింద జరుగు నాట్యమును నిలిచి చూచినవారు కొలదిమంది.

తక్కిన కాలమున గిజిగాడు ఆడుపిచ్చుకవలె నుండును. తొలకరి పడగానే మగపక్షి తల పసుపుపచ్చనగును. ముఖముపై నల్లని గోధుమరంగు ముసుగు పడును. అదే సమయమున కాలువలకు నీరు వచ్చును. సార్వా నారు పచ్చబడును. చెఱకు, తుంగ, కొబ్బరి, ఈత ఆకులు దొరకును. మగపక్షి ఆకు అంచున ముక్కుతో గాటుపెట్టి, కొసను పట్టుకొని యెగురును. చీలిక పొడవుగా ఊడివచ్చును. ఒక గూటికి ఇట్లు సుమారు 500 సార్లు తిరుగునందురు. అది తాడియాకు కొసకో, తుమ్మకొమ్మకో ముడివేసి, మొదట ఉంగరమువలెను, పిమ్మట బోర్లించిన టోపీవలెను అల్లును. టోపీదశకు దాదాపు 8 దినములు, గూడు పూర్తియగుటకు 18 దినములు పట్టును.

నాట్యము జరుగునది ఈ టోపీదశయందే. మగపక్షులన్నియు తమతమ సగము గూళ్లక్రింద వ్రేలాడుచు, ఱెక్కలు విదలించుచు, గొల్లున కూయును. ఆడుపక్షి వచ్చి ఒక్కొక్క గూటిని లోపల దూరి చూచును, పోచలను లాగి చూచును. నచ్చినచో నిలుచును, నచ్చనిచో ప్రక్క గూటికి పోవును. గూటి పనితనముకంటె గూడు వ్రేలాడు చోటునకే అది యెక్కువ విలువ నిచ్చునని ఇటీవలి పరిశోధనలవలన తెలియుచున్నది. నచ్చిన గూటికి మగపక్షి గొట్టమువంటి ద్వారమును చేర్చి ముగించును. ఆడుపక్షి రెండు మొదలు నాలుగు తెల్లని గ్రుడ్లు పెట్టి, తానే పొదుగును. మగపక్షి వేఱొక గూడు మొదలుపెట్టి, మఱల నాట్యమునకు దిగును. ఒకే మగపక్షి ఒకదానివెంట నొకటిగా పెక్కు గూళ్లు కట్టి, పెక్కు ఆడుపక్షులను చేరునను ఈ విషయమును ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడు సలీం ఆలీ బొంబాయికి దగ్గఱనున్న కిహీము గ్రామమున 1930లో కనిపెట్టి, మఱుసటి యేట ప్రకటించెను. ఆయనకు పెద్ద పరికరములు లేవు. తన యింటి ప్రక్కనున్న గూళ్లను ఓపికతో చూచుటయే ఆయన చేసిన పని.

గిజిగాడు మట్టియుండలో మిణుగురు పురుగులను గ్రుచ్చి గూటిలో దీపము పెట్టుకొనునని జనులలో ఒక కథ కలదు. మట్టియుండలు గూటిలో నుండుట నిజము. దీపము మాత్రము కథయే.

5. మాటు కట్టుట

గూళ్లున్న చెట్టును కనుగొన్న తరువాత వెంటనే కెమేరాతో పరుగెత్తరాదు. మొదటి రెండు మూడు దినములు దూరమున నిలిచి, పక్షులు ఏ వేళ వచ్చునో, ఏ కొమ్మపై వ్రాలునో, ఎన్ని గూళ్లు టోపీదశలో నున్నవో వ్రాసికొనవలెను.

పిమ్మట నాలుగు వెదురుకఱ్ఱలు పాతి, పాత గోనెసంచులతో ఒక మాటు కట్టవలెను. గాలికి గోనె టపటప కొట్టుకొనకుండ త్రాళ్లతో బిగింపవలెను. కదలు గుడ్డకంటె పక్షిని బెదరించునది లేదు. మొదట చెట్టుకు ముప్పది యడుగుల దూరమున నిలిపి, దినమునకు కొంచెముగా చేరువకు జరుపవలెను. జరిపిన ప్రతిసారియు గడియారము చూడుడు. పావుగంటలో మగపక్షులు మఱల గూటికి వచ్చి ఱెక్కలు విదలించినచో ఆ దూరము వానికి సమ్మతము. రానిచో మాటును వెనుకకు తీయవలెను. దూరమును నిర్ణయించుట కధికారి పక్షియే, మనము కాదు.

మాటులోనికి ఇద్దఱు కలిసి పోయి, ఒకరు బయటికి వచ్చి తిరిగి పోవుట మంచి యుపాయము. వచ్చినవారు పోయిరని తలచి పెక్కుపక్షులు నిర్భయముగా తమ పనికి మఱలును. కాలువకు ఆవలిగట్టున మాటు కట్టుట ఇంకను మేలు. నడుమ నీరున్నచో పక్షికి ధైర్యము కలుగును.

పెద్దల కొక మనవి. వానకాలమున కాలువగట్లు జాఱును, గడ్డిలో పాములుండును, ఉఱుములు వినబడినప్పుడు తాడిచెట్టుక్రింద నుండుట ప్రాణాపాయము. బాలుర నొంటరిగా పంపకుడు. మేఘము కమ్మినచో చిత్రము విడిచి ఇల్లు చేరవలెను.

6. వెలుతురు, వేగము

గిజిగాడు తన గూళ్లను తఱచుగా చెట్టునకు తూర్పువైపున కట్టును. నైరృతి ఋతుపవనముల గాలి పడమటినుండి వీచునపుడు చెట్టే వానికి చాటగును. ఇది చిత్రకారునికిని లాభమే. ఉదయము సూర్యుని వీపువెనుక నుంచుకొని తూర్పుదిక్కున నిలిచినచో ఎండ నేరుగా గూళ్లపై పడును. పక్షి తల పసుపు మెఱయును. మబ్బుపట్టిన దినమున గూటివెనుక ఆకాశము తెల్లగా నుండి, కెమేరాను మోసపుచ్చును. పక్షి నల్లని నీడగా పడును. అప్పుడు కెమేరా సూచించుదానికంటె ఒక మెట్టు వెలుతురు పెంచవలెను.

గాలికి గూడు ఊగుట రెండవ చిక్కు. ఊగు గూడు సెకనునకు 50 సెంటిమీటర్లు కదలుచున్నదనుకొందము. షట్టరు సెకనులో 60వ వంతు తెఱచియున్నచో ఆ కాలమున గూడు 8 మిల్లిమీటర్లు కదలును, చిత్రము చెదరును. 1000వ వంతు మాత్రమే తెఱచియున్నచో అర మిల్లిమీటరే కదలును, చిత్రము స్పష్టమగును. వేగమైన షట్టరు లేని కెమేరాకును ఉపాయము కలదు. ప్రకృతిశాస్త్ర తరగతిలో లోలకమును గూర్చి చదివితిరి గదా! ఊగు వస్తువు నడుమ మిక్కిలి వేగముగా పోవును. రెండు కొసలందును క్షణకాలము నిలుచును. గూడు కొసకు చేరినప్పుడే మీట నొక్కుడు.

ఱెక్కలను నిలువరించి చూపుటకు 1000వ వంతు సెకను గాని, అంతకంటె తక్కువ గాని కావలెను. కాని దేహము నిలకడగా నుండి, ఱెక్కలు మాత్రము కొంచెము చెదరిన చిత్రమే నాట్యమును బాగుగా తెలుపునని కొందఱి మతము. రెండు విధములను ప్రయత్నించి చూడుడు. పొడవైన లెన్సు లేనివారు దుర్భిణికి సెల్‌ఫోనును చేర్చియు పనికివచ్చు చిత్రములు తీయవచ్చును.

7. చేయరాని పనులు

మంచి చిత్రమునకై ఆశపడి కొందఱు చేయు తప్పులు కొన్ని కలవు. గూటికి అడ్డముగా నున్న ఆకును విఱువకుడు. ఆ ఆకు నీడ గూటిలోని పిల్లలకు గొడుగు. రికార్డు చేసిన కూతలను వినిపించి పక్షిని రప్పింపకుడు. లేని శత్రువుతో పోరాడి అది అలసిపోవును. ఎగురు డ్రోనును గూళ్ల దాపునకు పంపకుడు. గ్రుడ్లను చూచుటకై గూటి గొట్టమును విప్పకుడు. మనుష్యుడు పోయిన త్రోవనే కాకి గమనించి వచ్చునని మఱువకుడు.

మగ గిజిగాడు గూటిని విడిచి దూరమున నున్నప్పుడు పొరుగు మగపక్షులు ఆ గూటి పోచలను దొంగిలించును. అప్పుడే వచ్చిన ఆడుపక్షి యజమాని లేని గూటిని చూచి వేఱొక గూటికి పోవును. మనము అరగంట నిలిచి దానిని బెదరించినచో, మన కది అరగంట. దానికి ఎనిమిది దినముల పని. ఈ లెక్క తెలిసినవాడు తొందరపడడు.

8. దినచర్య పుస్తకము

చిత్రము ఒక్క క్షణమును మాత్రమే చెప్పును. వ్రాసిన లెక్క ఋతువునంతయు చెప్పును. కావున ప్రతి చిత్రమునకును తేది, వేళ, ఊరు, చెట్టుపేరు, గాలి, వాన, మొత్తము గూళ్లు, టోపీదశలోనివి, గొట్టము చేరినవి, అను వివరములు వ్రాసి యుంచవలెను. జూన్ నుండి సెప్టెంబరు వఱకు వారమునకొకసారి ఒకే చెట్టును లెక్కించినచో, ఏటేట గూళ్లు పెరిగినవో తఱిగినవో తేలును.

ఈ లెక్క వట్టి వినోదము కాదు. దివిసీమలో పెక్కు వరిపొలములు రొయ్యలచెఱువులైనవి. వరి లేనిచోట పోచలు తక్కువ. తాడిచెట్లు నఱకిన గట్టున గూళ్లు వ్రేలాడుటకు చోటు లేదు. 1977 నవంబరు 19వ తేదీనాటి తుపాను మన సీమను తుడిచిపెట్టిన సంగతి పెద్దలు చెప్పగా వినియుందురు. ఆ యుప్పెనకు ముందు ఏ గట్టున ఎన్ని గూళ్లుండెనో, తరువాత ఎన్ని మిగిలెనో ఆనాటి విద్యార్థులు వ్రాసియుంచినచో నేడు మన కెంత విలువైన సమాచార మగును! మోపిదేవినుండి నాగాయలంక వఱకు, కోడూరునుండి హంసలదీవి వఱకు మన విద్యార్థులు తమ యూరి చెట్టు నొక్కొక్కటి లెక్కించినచో, పది సంవత్సరములలో దివిసీమ గిజిగాని చరిత్ర ఈ పాఠశాల గ్రంథాలయమునందే సిద్ధమగును. ఇప్పటి పిల్లలు చేయకున్న ఇది చేయువారెవరు?

కేపర్‌కేలీ స్కాట్లండున మిక్కిలి తగ్గిన తరువాత చట్టము వచ్చెను. నేలనెమలి బయళ్లు పొలములైన తరువాత అభయారణ్య మేర్పడెను. గిజిగాడు ఇంకను మన కాలువగట్లపై గుంపులుగా నున్నది. ఉన్నప్పుడే చూచి, లెక్కించి, కాపాడుట బుద్ధిమంతుల లక్షణము. సృష్టికర్త చేతిపనిని గౌరవించి చూచు నలవాటు బాల్యముననే అబ్బవలెను. వచ్చు తొలకరికి మీ యూరి గట్టున ఒక చెట్టు నెన్నుకొనుడు. పక్షికి తెలియకుండ దాని యాటను చూడుడు. మీరు వెడలివచ్చిన తరువాత కూడ అది ఆడుచునే యున్నచో, మీ చిత్రము మంచిదని నమ్ముడు.